అటక దిగిన అలక

ఆఫీసులో ఆయన్ని అందరూ శాంపిల్ గారు అనేవారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. ఒక టీవీ ఛానెల్లో ఆయన పని ఏమిటంటే, కొత్త కొత్త వినోద కార్యక్రమాలు ఊహించడం, ఒక్కోదానికీ ఒక శాంపిల్ ఎపిసోడ్ తీసి పెద్దవాళ్ళకి చూపించడం. పెద్దవాళ్ళు చూసేవారు. కొందరు నవ్వేవారు కూడా. చివరికి కుర్చీలోంచి లేస్తూ "చూద్దాం" అనేవారు. అంతే సంగతులు. "వద్దు" అనడానికి మొహమాటపడే మనబోటివాళ్ళం అందరం "చూద్దాం" అంటాం కదా! ఆ మాట అన్నాక ఇంకెవరూ ఏదీ చూడరు. ఆయన ఉద్యోగమంతా ఆ ఒక్క మాట కిందే నలిగిపోయింది. ఒక్కటంటే ఒక్క ప్రోగ్రాం జనం ముందుకి వచ్చిన పాపాన పోలేదు.

ఇంట్లో దీని మీద వేళాకోళాలు. ఆయన భార్య చెల్లెలు, అంటే మరదలు, ఎప్పుడొచ్చినా చెప్పులు విప్పకముందే మొదలుపెట్టేది.

"ఏం బావగారూ, మీ ప్రోగ్రాం ఎప్పుడొస్తుంది?"

"వస్తుందమ్మా."

అలా అనీ అనీ ఆయనకి చుట్టాల్లో "వస్తుంది బావ" అని పేరు స్థిరపడిపోయింది. ఎవరైనా అలా పిలిస్తే ఆయన కూడా నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు పాపం? కానీ లోపల కుతకుత ఉడికిపోయేవాడు. ఆయనకి పేరక్కర్లేదు, దండలక్కర్లేదు. తన బుర్రలో పుట్టినదాన్ని ముక్కూ మొహం తెలియని మనిషెవరో తన ఇంట్లో కూర్చుని చూసి ఒక్కసారి పకాలున నవ్వితే చాలు. ఆ ఒక్కటీ జరక్కుండా రిటైరైపోతానేమోనని ఆయనకి బెంగ.

ఆయన ఆలోచనలన్నిట్లోకీ మంచిది ఆయనది కాదు, ఇంట్లో దొరికింది. ఆయన భార్య అలకలో దిట్ట. ఆవిడ ఇంటి దగ్గర కుట్టుపని చేసేది. పాత బట్టలు బిగువు చెయ్యడం, వదులు చెయ్యడం, చినిగిన జేబులు మళ్ళీ కుట్టడం. అలిగిందంటే అరవదు, గిన్నెలు విసరదు. ముఖం అటు తిప్పుకుని మిషను ముందు కూర్చునేది. మొగుడితో మాట్లాడవలసి వస్తే ఆ మాట మిషనుతో చెప్పేది.

"ఏమే, ఇంట్లో టీపొడి నిండుకుందని కొందరికి చెప్పు."

"కొందరు ఇప్పుడే తెచ్చారని నువ్వు కూడా చెప్పవే" అని ఆయన మిషనుకే జవాబిచ్చేవాడు.

తర్వాత కళ్ళజోడు ముక్కు మీదే పెట్టుకుని, అది కనపడటంలేదని ఇల్లంతా వెతుక్కుంటూ తిరిగేవాడు. బీరువా కింద, చెప్పుల్లో, చివరికి పంచదార డబ్బాలో కూడా. ఆవిడ పెదవి బిగబట్టుకునేది. కింది పెదవి వణికిందంటే ఇంక పనైపోయినట్టే. అలక తీరిన పూట టీ మరీ చిక్కగా ఉండేది. క్షమాపణలు చెప్పుకోవడం ఆ ఇంట్లో అలవాటు లేదు, అవసరమూ రాలేదు.

దాన్నే ఆయన ప్రోగ్రాంగా మలిచాడు. పేరు "అలక". ఇంట్లో ఒక మనిషి అలిగి కుర్చీలో కూర్చుంటారు, చెయ్యి ఒక పెద్ద బటన్ మీద పెట్టి. వాళ్ళ మనిషే వచ్చి బుజ్జగించాలి. తప్పయిందని మాత్రం అనకూడదు. కూర్చున్న మనిషి చెయ్యి బటన్ మీంచి లేచిందా, గంట మోగుతుంది, అలక తీరినట్టు. చెప్పినప్పుడు అప్పటి పెద్దాయన చెవి గోక్కుంటూ విన్నాడు.

"మనుషులు మాటా పలుకూ లేకుండా కూర్చుంటే ఎవడు చూస్తాడయ్యా? సరే, చూద్దాం" అన్నాడు.

ఆ విధంగా అలక అటకెక్కింది. శాంపిల్ కూడా తియ్యనివ్వలేదు.

ఏళ్ళు గడిచాయి. ఆయనకి జుట్టు పోయింది, పళ్ళు రెండు కదిలాయి, రిటైరయ్యే ఏడు వచ్చింది. అప్పుడు ఛానెల్ వాళ్ళకి కొత్త ఆలోచనలకి కరువొచ్చిందో, పాతవాటి మీద జాలే పుట్టిందో, ఎన్నడూ తియ్యకుండా వదిలేసిన వినోద కార్యక్రమాలన్నీ వెలికితీసి, ఫోన్లలో చూసే కొత్త జనం కోసం పొట్టి పొట్టిగా తియ్యాలని తీర్మానించారు. దానికొక విభాగం పెట్టి తలుపు మీద "అటక" అని రాశారు. పై అధికారిగా ఒకమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల. ఆఫీసంతా ఆమెని మేడమ్ అనేది. మొదటి వారంలోనే ఆయన్ని గదిలోకి పిలిచింది.

"సార్, మీ అలక నాకు భలే నచ్చింది. పేరొక్కటి మారుద్దామా? ఫోన్లో చూసేవాళ్ళకి అలక అంటే ఏం తెలుస్తుంది? కోపం అందాం."

ఆయన జీవితంలో ఎన్నడూ లేనిది, అడ్డం తిరిగాడు. "కోపం వేరమ్మా. కోపం ఎవరి మీదైనా వస్తుంది. బస్సు ఆపకుండా పోయినవాడి మీద కూడా వస్తుంది. అలక మనవాళ్ళ మీదే వస్తుంది. బుజ్జగిస్తారని నమ్మకం ఉంటేనే అలుగుతారు. ఆ నమ్మకం లేనివాళ్ళు ఊరుకుంటారు, అంతే."

మేడమ్ చేతిలోని ఫోన్ టేబుల్ మీద బోర్లించింది. ఇన్నేళ్ళలో ఆయన మాట వినడానికి ఎవరూ ఫోన్ బోర్లించలేదు. అదే ఆయన కొంప ముంచింది.

"అబ్బ! ఎంత బాగా చెప్పారు సార్. అయితే మీ ఇంట్లో అన్నిట్లోకీ పెద్ద అలక ఏది?"

ఆయన నవ్వుతూనే మొదలుపెట్టాడు. ఎక్కడ ఆపాలో తెలియలేదు. పెళ్ళయిన కొత్తల్లో ఆవిడ కడుపుతో ఉండేది. లోపలున్న బిడ్డని ఇద్దరూ ఒక ముద్దుపేరుతో పిలుచుకునేవారు. అర్థం పర్థం లేని పేరు, ఆవిడ వెక్కిళ్ళ మధ్య ఏదో అనబోయి ఇంకేదో అంటే పుట్టింది. నెలలు నిండకముందే ఒకరోజు నొప్పులొచ్చాయి. ఆయన స్టూడియోలో శాంపిల్ తీస్తున్నాడు. కబురందింది. ఈ ఒక్క ముక్కా అయ్యాక వెళ్దాం అనుకున్నాడు. వెళ్ళేసరికి బిడ్డ దక్కలేదు. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఇంటికొచ్చాక ఆయనతో మాట్లాడలేదు, మిషనుతో కూడా మాట్లాడలేదు. వారాల తరబడి అదే వరస. ఆయన వేషాలేవీ పారలేదు. చివరికి ఒక మధ్యాహ్నం గుమ్మంలో కూలబడి, ఆ పేరు పలికి, "అది నా మీద అలిగి వెళ్ళిపోయింది. నువ్వు కూడా అలిగితే నేనెవరి దగ్గరికి పోను?" అన్నాడు. ఆవిడ లేచొచ్చి ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. తర్వాత ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. మళ్ళీ పిల్లలూ పుట్టలేదు.

మేడమ్ కళ్ళు తుడుచుకుంది. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చింది.

"సార్, ఇది పెడదాం సార్."

"అది... ఇంటి సంగతి కదమ్మా."

"చూసినవాళ్ళు ఎవరూ మర్చిపోలేరు సార్. ఆ పేరేమిటన్నారు? ఇంకోసారి చెప్పండి."

ఆయన చెప్పాడు. చెప్పి, "చూద్దాం" అన్నాడు.

మెట్లు దిగుతూ, వద్దనే కదా అన్నాను అని తనకి తానే నచ్చజెప్పుకున్నాడు. తనకి జీవితమంతా ఆ మాట వద్దనే అర్థమైంది మరి! ఆ పిల్లకేం తెలుసు, ఆ పిల్ల చూద్దాం అంటే చూద్దామనే అనుకుంది. వద్దు అని రెండక్షరాల మాట ఉంది కదయ్యా మహానుభావా, అది నోటికంత బరువైందా? బరువే అయింది. వద్దంటే మేడమ్ ఫోన్ మళ్ళీ చేతిలోకి తీసుకుంటుందేమోనని ఆయన భయం.

మొదటి శాంపిల్‌కి ఆయనా ఆయన భార్యా కూర్చోవాలన్నారు. ఇంట్లో ఆ మాట చెప్పగానే ఆవిడ మూతి ముడుచుకుని అటు తిరిగింది.

"ఏమే మిషనూ, కొందరికి పెళ్ళాం అలక కూడా ఆఫీసు సరుకేనట, విన్నావా?"

"మిషనుగారూ, కొందరి ఉద్యోగం అయిపోవచ్చింది. ఒక్కటీ రాకుండా ఇంట్లో కూర్చుంటే మరదలు బతకనివ్వదు. మీరైనా కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి."

కాసేపు మిషను ఆడలేదు. ఆవిడ కింది పెదవి వణికింది.

"చావండి, వస్తాను. నా మొహానికి రంగులు మాత్రం పుయ్యొద్దని చెప్పండి." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "అక్కడ నాకు అలక రాకపోతే?" అంది.

"నేనుంటాను కదా, అదే వస్తుంది" అన్నాడాయన. ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళిద్దరూ కలిసి నవ్వుకున్నది అదే ఆఖరు.

స్టూడియోలో ఆవిడకి అనుకున్నంత ఇబ్బంది కలగలేదు. వచ్చీ రాగానే ఆయన లైట్ల దగ్గరా కెమెరాల దగ్గరా తిరుగుతూ, మంచినీళ్ళు తెస్తానని చెప్పి మర్చిపోయాడు. దాంతో ఆవిడ నిజంగానే అలిగింది. కుర్చీలో కూర్చుని, బటన్ మీద చెయ్యి పెట్టి, ముఖం తిప్పుకుంది. మిషను లేదు కాబట్టి కుర్చీతోనే మాట్లాడింది.

"ఏమే కుర్చీ, దాహమేస్తే కొందరికి గుర్తుంటుందా అని అడుగు."

కెమెరా పట్టుకున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. మోకాళ్ళు పట్టేస్తున్నా నేల మీద పాకుతూ ముక్కు మీది కళ్ళజోడు వెతికాడు. కుర్చీ కింద చూశాడు, యాంకర్ కుర్రవాడి కోటు జేబులో చెయ్యి పెట్టి చూశాడు. అందరూ పొట్టలు పట్టుకున్నారు. ముక్కూ మొహం తెలియని మనుషులు, తన బుర్రలో పుట్టినదానికి నవ్వుతున్నారు! ఆవిడ పెదవి బిగబట్టింది. ఇంకొక్క నిమిషం ఊరుకుని ఉంటే దానంతటదే తీరిపోయేది. నిజం, ఇంకొక్క నిమిషం చాలు.

మేడమ్ అద్దాల గదిలోంచి యాంకర్ చెవిలోని ఇయర్‌ఫోన్‌లో ఏదో చెప్పింది. ఆ కుర్రవాడు మైకు పట్టుకుని ఆవిడ దగ్గరగా వెళ్ళి, గొంతు మెత్తగా పెట్టి, ఆ పేరు పలికాడు. ఆ పేరు ఇక్కడ రాయను. ఇప్పటికే వినాల్సినవాళ్ళకంటే చాలా ఎక్కువమంది విన్నారు.

"... సార్ మీద అలిగి వెళ్ళిపోయిందటగా అమ్మా? మీరు కూడా అలిగితే సార్ ఎవరి దగ్గరికి పోతారు?"

ఆవిడ చెయ్యి బటన్ మీంచి లేచింది. లేచి పొట్ట మీద పడింది.

గంట మోగింది. పై నుంచి రంగు కాగితాలు రాలాయి. "గెలిచేశారు సార్, గెలిచేశారు!" అని యాంకర్ గంతులేశాడు. ఆవిడ తల తిప్పి మొగుడి కోసం చూసింది. ఆయన ఆ క్షణంలో ఆవిడ వంక చూడటంలేదు. పక్కనున్న చిన్న తెర వంక చూస్తున్నాడు. ఆ చెయ్యి లేవడం కెమెరాకి దొరికిందా, దొరకలేదా? ఏళ్ళ తరబడి శాంపిళ్ళు తీసినవాడికి కళ్ళు ముందు అటే పోతాయి, ఆయన పంపలేదు, వాటంతటవే పోయాయి. దొరికింది. చాలా బాగా వచ్చింది. అప్పుడు గాని ఆయన ఆవిడ వైపు తిరగలేదు. తిరిగేసరికి, తను ఎటు చూస్తున్నాడో ఆవిడ చూసేసిందని ఆయనకి తెలిసింది.

ఆఫీసు కారులో ఇంటికొస్తుంటే ఆవిడ చీర మీది రంగు కాగితాలు ఒక్కొక్కటే ఏరి దోసిట్లో పెట్టుకుంది. కారువాడి బండి పాడవుతుందని కాబోలు. దారిలో ఒక్కసారే మాట్లాడింది.

"బాగా వచ్చిందాండీ?"

"వచ్చింది" అన్నాడాయన.

మనిషి అలిగి ఉంటే అలా నేరుగా అడగదు. ఆయనకి ఆ సంగతి తెలుసు. తెలిసీ, అలసిపోయి ఉంటుందిలే అనుకున్నాడు.

ప్రోగ్రాం ఫోన్లలోకి వచ్చింది. వచ్చిందంటే మామూలుగా రాలేదు, ఊరూవాడా చూశారు. నిజానికి ఆయన కాళ్ళు నేల మీద ఆనకూడని రోజులవి. మరదలు ఫోన్ చేసి కేకలు పెట్టింది.

"వచ్చేసింది బావగారూ! మీది వచ్చేసింది! మేమందరం చూసి బావురుమన్నామంటే నమ్మండి. ఎంత ముద్దుగా ఉందండీ ఆ పేరు! అక్క నాతో కూడా ఎన్నడూ చెప్పలేదు, చూశారా?"

వీధిలో పిల్లలు ఆ పేరు పట్టుకుని ఒకళ్ళనొకళ్ళు పిలుచుకుని పరిగెడుతున్నారు. పక్కింటివాళ్ళు కుక్కపిల్లకి పెట్టారు, ప్రేమతోనే పెట్టారు. ఒకరోజు బస్సులో ఎవరో ఒక పెద్దావిడ ఆయన భార్య చెయ్యి పట్టుకుని, ఆ పేరు పలికి, "వాళ్ళమ్మ మీరే కదమ్మా?" అంది.

"అవునండీ" అంది ఆవిడ.

అంతకుముందు ఆవిణ్ణి ఎవరూ ఫలానావాళ్ళమ్మ అని అనలేదు. పక్క సీట్లో కూర్చున్న ఆయనకి బస్సులోంచి దూకెయ్యాలనిపించింది. ఆవిడ మాత్రం టికెట్టు మడతపెట్టి పర్సులో వేసుకుంది.

ఇల్లు ఎప్పటిలాగే నడిచింది, అంతకంటే సాఫీగా కూడా నడిచింది. వేళకి టీ, వేళకి భోజనం, ఇస్త్రీ చేసిన చొక్కాలు. ఆవిడ చక్కగా మాట్లాడేది, ఏదడిగినా జవాబిచ్చేది. టీపొడి అయిపోతే "ఏమండీ, టీపొడి అయిపోయింది" అని ఆయన ముఖం చూసే చెప్పేది. మిషను కుట్టడానికి తప్ప పనికిరాకుండా పోయింది. చూసినవాళ్ళు ఎంత అన్యోన్యమైన దంపతులో అనుకునేవారు.

ఆయనకి ఊపిరాడలేదు. ఎలాగైనా ఆవిణ్ణి అలిగేలా చెయ్యాలని పట్టుబట్టాడు. తెమ్మన్నది మర్చిపోయి వచ్చాడు. "పర్వాలేదు లెండి, రేపు తెస్తారు." తడి తువ్వాలు పక్క మీద పడేశాడు, అది తీసి ఆరేసింది. ఆవిడ పుట్టినరోజు కావాలని మర్చిపోయినట్టు నటించి, సాయంత్రం దాకా దొంగచూపులు చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ ఆయనకి భోజనం వడ్డించి, మంచినీళ్ళు పెట్టి, "ఇంకేమైనా కావాలాండీ?" అంది. చివరికి తనే అలిగాడు. మంచం మీద అటు తిరిగి పడుకుని అన్నం వద్దన్నాడు. ఇంతటి మనిషీ పసిపిల్లాడిలా చెవులు రిక్కించి ఎదురు చూశాడు. ఆవిడ వచ్చింది. "ఆకలి లేదా? సరే, మూతపెట్టి ఉంచుతాను, ఎప్పుడు కావాలంటే అప్పుడు తినండి" అని వెళ్ళిపోయింది. ఆయన దిండులో ముఖం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తప్పయిందని కూడా చెప్పాడు, ఒకసారి కాదు, చాలాసార్లు. "అయ్యో, దానికేముందండీ" అనేది ఆవిడ.

కొన్నాళ్ళకి మేడమ్ ఫోన్ చేసింది. జనం అడుగుతున్నారట, అదే జంటతో రెండోది తియ్యాలట. "ఆంటీగారు ఒప్పుకుంటారా సార్?"

ఒప్పుకోదు. ఆయనకి గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే, ఎన్నాళ్ళకో కాస్త ఆశపుట్టి, ఇంటికి పరుగు పరుగున వచ్చాడు. ఈ మాట వింటే ఆవిడ భగ్గుమంటుంది. లేదా ముఖం తిప్పుకుంటుంది. తిప్పుకుంటే చాలు, జీవితమంతా బతిమాలడానికి ఆయన సిద్ధం. మెత్తగా చెబితే పని జరగదని కావాలనే మొరటుగా చెప్పాడు.

"మళ్ళీ తీస్తారట. అదే కుర్చీ, అదే బటన్. ఆ పేరు కూడా ఉంటుందట. వస్తానని చెప్పేశాను, నిన్నడగలేదు."

ఆవిడ ఎవరిదో చొక్కాకి కాలరు వేస్తోంది. మిషను ఆపింది. సూది కింద గుడ్డ అలాగే వదిలేసి, కుర్చీతో సహా పూర్తిగా ఆయన వైపు తిరిగింది.

"ఎప్పుడండీ?"

"నీకేమీ అనిపించటంలేదా?"

"అనిపించడానికేముంది, మీ పనే కదా. కారణం వాళ్ళిస్తారా, నేను అనుకుని రావాలా?"

"వద్దని అను" అన్నాడాయన. "నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి నాతో వద్దని అను."

"మీకు పనికొచ్చేదాన్ని నేనెందుకు వద్దంటానండీ?" అంది ఆవిడ ఓదార్పుగా. తర్వాత గోడ మీది క్యాలెండరు చూసింది. "ఎంతసేపు అలగమంటారో కనుక్కుని చెప్పండి. దాన్నిబట్టి ఆ రోజు కుట్టుపని ఒప్పుకుంటాను."

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, మర్యాదగా ఆయన ముఖంలోకే చూస్తూ, జవాబు కోసం ఆగింది.